ఏడో ఖానా కింద

మాఘ బహుళ ఏకాదశి

పై కాలువ మట్టం మామూలే. తరుగు నిన్నటికన్నా కొంచెం ఎక్కువ. ఏడో ఖానా అడుగున చెమ్మ ఆరలేదు.

కాలువ కాపలా చూసే లస్కరు రోజూ రాయవలసింది ఇంతే. ఒకప్పుడు ఈ అక్విడక్టు మీద ఆరుగురు లస్కర్లం ఉండేవాళ్లం. ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను. పగలంతా మాట్లాడటానికి మనిషి దొరకడు కనక మిగిలిన మాటలు కూడా ఇక్కడే రాస్తున్నాను. చదివే అధికారులకు విసుగనిపిస్తే మొదటి వరుస చూసి పక్కన పెట్టేయవచ్చు.

పొద్దున తూర్పు గట్టున షట్టరుకు అడ్డం పడిన గుర్రపుడెక్కను కొక్కెంతో లాగి ఒడ్డున పోశాను. తరవాత పిట్టగోడ వెంబడి నడుస్తూ రాళ్ల సందుల్లో లేచిన మొలకలు పీకాను. వేరు లోపలికి దిగిందంటే గోడను చీల్చేదాకా ఊరుకోదు. గోడకు ఈ పక్క పై కాలువ. కొండల్లో ఆనకట్ట దగ్గర బయల్దేరిన మంచినీళ్లు ఈ పదిహేను ఖానాల కమాను వంతెన ఎక్కి, పడమటి గట్టున దిగి, కొత్తమెట్ట పట్నానికి పోతాయి. ఖానాల కింద ఉప్పు కాలువ. మా నాయనమ్మ రోజుల్లో అది పొలాల మురుగును సముద్రానికి మోసేదట. ఇప్పుడు సముద్రమే దాంట్లోంచి లోపలికి వస్తోంది. పోటుకు ఎక్కుతుంది, పాటుకు దిగుతుంది. అందుకే ఈ ప్రాంతంలో అందరం తారీఖులు మానేసి మళ్లీ తిథులకు వచ్చాం.

ఏడో ఖానా కింద పడవలు కట్టుకుని ఉన్నవాళ్లను పట్నంలో ‘కింది వాళ్లు’ అంటారు. చివరి ఇసుకదిబ్బ కూడా మునిగిపోయాక పడవల్లోనే కాపురాలు పెట్టుకుని ఇటు వచ్చారు. ఎక్కడ ఒడ్డు పట్టినా రాళ్లతో తరిమారు. ఇక్కడ ఆగడానికి కారణం ఒకటే. ఏడో ఖానా అడుగు నుంచి మంచినీళ్లు చుక్కలు చుక్కలుగా కారుతాయి. వాటి కింద టార్పాలిన్లు వాలుగా కట్టి డ్రమ్ముల్లోకి పట్టుకుంటున్నారు. వాళ్ల పెద్దదిక్కు కామాడి అప్పాయమ్మ. నేను ఆ ఖానా మీదికి రాగానే కిందనుంచి కేకేస్తుంది.

“వీరవేణీ! ఇయ్యాల దార బాగుందే. మీ గోడకి దయ కలిగినట్టుంది.”

నేను తాడు వదిలితే ఎండుచేపలు కట్టి పంపుతుంది. వాళ్లు నీళ్లు పట్టుకుంటున్న సంగతి మా ఇంజనీరు, ఏఈ త్రినాథ్ గారికి తెలుసు. ఆయన చూసీ చూడనట్టు ఊరుకున్నారు. మేం భయపడవలసింది ఆయనకు కాదు, పంపకానికి. ఆనకట్ట దగ్గరి యంత్రాన్ని అందరం అలాగే పిలుస్తాం. ఏ ఊరికి ఎన్ని నీళ్లో అదే నిర్ణయిస్తుంది. అక్విడక్టుకు ఈ చివర ఎన్ని నీళ్లు ఎక్కాయి, ఆ చివర ఎన్ని దిగాయి అని కొలుచుకుని, తేడాను తరుగు కింద వేస్తుంది. తరుగు హద్దు దాటితే కొత్తమెట్ట వాటాలో కోత పెడుతుంది. ఎవరు ఏడ్చినా దానికి వినిపించదు.

ఫాల్గుణ శుద్ధ చవితి

మట్టం మామూలే. తరుగు హద్దు దగ్గరికి వచ్చింది.

చుక్కలు పోయి సన్నని ధార అయింది. ఆ కబురు ఎలా పాకిందో, కొత్త పడవలు వచ్చి చేరుతున్నాయి. ఇవాళ అప్పాయమ్మ తాడుకు చేపలు కట్టలేదు. చెంబు కట్టింది.

“ఈ నీళ్లు చూడమ్మా, కుడితిలాగున్నాయి. పిల్లలు కడుపులో మంటంటన్నారు.”

చెంబు పైకి లాగి నాలిక మీద వేసుకున్నాను. సున్నం. నీళ్లు రాళ్ల సందుల్లోంచి ఉత్తినే జారి రావటం లేదు. రాళ్లను పట్టి ఉంచిన సున్నాన్ని కరిగించి తెస్తున్నాయి.

గట్టు దిగి వెళ్లాను. అప్పాయమ్మ కొడుకు ఎల్లాజీ పడవలో ఎక్కించుకుని ఖానా అడుగుకు తీసుకెళ్లాడు. పొడుగు మనిషి. పోటు ఎక్కి ఉంది కాబట్టి పడవలో నిలబడితే నా చెయ్యి కూడా రాళ్లకు అందింది. నడిమి రాతి పక్క సందులో నా వేలు మొత్తం దిగిపోయింది. ఆ పక్క సందులోనూ అంతే. ఎల్లాజీ తనూ వేలు పెట్టి చూశాడు.

“ఇది పడిపోద్దా, వేణక్కా?”

“బాగు చెయ్యకపోతే పడిపోద్ది.”

“చేస్తే?”

“కారడం ఆగిపోద్ది.”

వాడు చేతికంటిన తెల్ల నీళ్లు పంచెకు తుడుచుకుని గెడ అందుకున్నాడు.

ఫాల్గుణ శుద్ధ ఏకాదశి

తరుగు హద్దు మీద ఉంది. ఏఈ గారు వచ్చి చూశారు.

త్రినాథ్ గారు ఖానా కిందనుంచి వచ్చాక చాలాసేపు పిట్టగోడను ఆనుకుని నిలబడ్డారు. వయసులో నాకన్నా చిన్నవారు, మంచివారు. అయితే ఏ మాట అన్నా ముందు వెనక్కి చూసుకుంటారు.

“బతుకు సున్నం పెట్టాలి వీరవేణి గారూ. వేరే దారి లేదు.”

అది డ్రమ్ముల్లో వస్తుంది. అందులో కంటికి కనపడని జీవులు ఉంటాయట. సందులో కూరితే అవి పెరిగి, రాయిని రాయితో అల్లేస్తాయి. అల్లుకున్నాక చుక్క కూడా దిగదు. కానీ అల్లుకునే దాకా పారే నీళ్లు తగలకూడదు. తగిలితే అంతా విరిగిన పాలలా అయిపోతుంది. అంటే పై కాలువను కొన్నాళ్లు ఆపాలి.

“మరి కింది వాళ్ల సంగతేంటండీ? వాళ్లకి ఓ పంపు ఇవ్వలేరా?” అని అడిగాను.

ఆయన నా ఎదుటే పంపకాన్ని అడిగారు. జవాబు ఆయన చేతిలోని తెర మీద వెంటనే వచ్చింది. గ్రామ సంకేతం లేని జనాభాకు వాటా లేదు.

“ఊరు మునిగిపోయినప్పుడే దాని సంకేతం కొట్టేసింది,” అన్నారు ఆయన. “దాని దృష్టిలో కింద ఎవరూ లేరు.”

ఆ క్షణాన కింద ఎవరో పసిబిడ్డను జోకొడుతున్నారు. ఖానా గుల్లలో ఆ పాట పైకి ఇంకా గట్టిగా వినిపిస్తుంది. ఆయన కూడా విన్నారు.

ఫాల్గుణ పౌర్ణమి

తరుగు హద్దు దాటింది.

పున్నమి పోటు. పడవలు బాగా పైకి లేచి ఉన్నాయి. నేనే వెళ్లి చెప్పాను. ఖానా పడిపోయేలా ఉంది, బాగు చెయ్యాలి, అక్కణ్నుంచి పడవలు తియ్యండి అన్నాను. అందరూ అప్పాయమ్మ వైపు చూశారు.

“ఎన్నేళ్లనించి ఉందమ్మా ఈ గోడ?” అంది ఆవిడ.

“నూటయాభై పైనే.”

“నూటయాభయ్యేళ్లు పడంది మేం నాలుగు గుక్కలు తాగేసరికి పడిపోతందా?”

“అత్తా, నీకు అబద్ధం చెప్పడానికి నాకేం పని? నీ చెంబులో సున్నం నువ్వే చూసేవు కదా.”

“చూసేను. పడిపోద్దన్నది నీ మాట. నీళ్లాగిపోతే చచ్చిపోతామన్నది నాకు తెలిసిన మాట. నీ మాట నమ్మితే ఓ చావు, నమ్మకపోతే ఓ చావు. రెండోది కాస్త నీళ్లు తాగి చస్తాం.”

ఎవరూ తిట్టలేదు, కేకలు వెయ్యలేదు. తిరిగి గట్టెక్కుతుంటే ఎల్లాజీ వెనకే వచ్చాడు. “అమ్మకి నేను చెప్తానక్కా. నా వేలు కూడా దిగిందిగా ఆ సందులో,” అన్నాడు.

ఫాల్గుణ బహుళ తదియ

కొత్తమెట్ట వాటాకు కోత పడింది.

మొన్న సాయంత్రం పొద్దు ఉండగానే ధార ఒక్కసారి బొటనవేలంత లావైంది. కింద ఎవడో ఇనప చువ్వ పెట్టి సందును పెద్దది చేశాడు. నీళ్లు ఎక్కువ వస్తాయనుకున్నాడు. వచ్చాయి కూడా. పంపకం మర్నాటికల్లా పట్నం వాటా మూడోవంతు కోసేసింది. ఆ పని చేసినవాణ్ని అప్పాయమ్మే పట్టుకుని అందరి ముందూ చెంప పగలగొట్టింది. కానీ అది పట్నానికి తెలియదు కదా.

ఇవాళ పొద్దున పట్నం వాళ్లు కర్రలతో వచ్చారు. ముందు నడుస్తున్నది నా తమ్ముడు నాగసూరి. పట్నం ట్యాంకుకు కాపలాదారు. రోజూ కుళాయి తిప్పేవాడు, కట్టేవాడు వాడే కాబట్టి ఊళ్లో తిట్లన్నీ ముందు వాడికే తగులుతాయి.

“అక్కా, పక్కకి తప్పుకో. వాళ్లని ఇయ్యాల తోలేస్తాం.”

కింద పడవల్లో మగవాళ్లు గెడలు పట్టుకుని లేచారు. ఏఈ గారు చేతులు ఊపుతున్నారు గాని ఎవరూ ఆయన్ను చూడటం లేదు. నేను వెళ్లి తమ్ముడి చెయ్యి పట్టుకున్నాను. చిన్నప్పుడు బడికి లాక్కెళ్లినట్టే మెట్లు దింపి ఎల్లాజీ పడవ ఎక్కించాను. అందరూ చూస్తూ నిలబడిపోయారు.

“చెయ్యి పెట్టు,” అన్నాను ఖానా కింద.

వాడు చెయ్యి పెట్టాడు. మణికట్టు దాకా వెళ్లింది. గబుక్కున వెనక్కి తీసుకున్నాడు.

“వీళ్లని తోలేస్తే ఇది ఆగుద్దా, సూరీ?”

వాడు తల అడ్డంగా ఊపాడు. అప్పుడు ఎల్లాజీ అందుకున్నాడు.

“అన్నయ్యా, మాకో గొట్టం ఇప్పించండి. మీ గోడ మేం కూరతాం. పడవలోకి నీళ్లు రాకుండా కూరేవోళ్లం. కాలవలోంచి నీళ్లు పోకుండా కూరలేమా?”

ఫాల్గుణ బహుళ షష్ఠి

ఒప్పందం కుదిరింది.

దారి చూపించింది త్రినాథ్ గారే. ఆవిరయ్యేదీ ఇంకేదీ కలిపి పంపకం ఎప్పుడూ కొంత తరుగును ఒప్పుకుంటుంది. గోడ బాగుపడితే ఆ తరుగు మిగిలిపోతుంది. సరిగ్గా ఆ మేరకే గొట్టం పెడితే పంపకం కంటికి ఏ తేడా కనపడదు. ఆయన ఆ మాట చెబుతున్నంతసేపూ వెనక్కి చూసుకోలేదు.

పట్నం తరఫున నాగసూరి, కింది వాళ్ల తరఫున అప్పాయమ్మ ఒప్పుకున్నారు. తూర్పు షట్టరు దించి పై కాలువను ఆపుతాం. లోపలినుంచి సందులు గీకి, కొబ్బరిపీచు, బతుకు సున్నం కూరుతాం. చైత్ర పౌర్ణమి దాకా షట్టరు ఎత్తకూడదు. అప్పటిదాకా పట్నం తన ట్యాంకు మీద బతకాలి. షట్టరు వెనక నిలిచిన నీళ్లను బళ్లతో తోలుకోవచ్చు. కింది వాళ్లు కూడా గట్టెక్కి అక్కడే ముంచుకోవచ్చు.

“నీ మాట మీద కదుల్తన్నాం,” అంది అప్పాయమ్మ నాతో. పడవలు రెండు ఖానాల అవతలికి తీసుకెళ్లి కట్టించింది.

ఫాల్గుణ బహుళ త్రయోదశి

షట్టరు దించి ఉంది. కాలువ తొట్టి ఖాళీ.

ఈ కాలువ అడుగును నేను మొదటిసారి చూశాను. పాచి పట్టిన నల్ల రాళ్లు, ఆల్చిప్పలు, ఎవరివో పాత ఇత్తడి గిన్నెలు రెండు. కింది వాళ్లు వరుసగా కూర్చుని ఉలులతో సందులు గీకుతున్నారు. ఆడవాళ్లు పీచు పేనుతున్నారు. పట్నం నుంచి వచ్చిన మేస్త్రీలు మొదట దూరంగా కూర్చున్నారు. మధ్యాహ్నానికి ఎండ భరించలేక అందరూ ఒకే టార్పాలిన్ కిందికి చేరారు.

ఎల్లాజీ కింద పని చూస్తున్నాడు. స్తంభాల గట్ల మీద దుంగలు నిలబెట్టి ఖానాకు ఊతాలు పెట్టారు. తడిసీ ఆరీ దుంగలు వదులవుతాయి. అందుకని రోజూ పొద్దున వెళ్లి చీలలు బిగించి వస్తాడు. గొట్టం కూడా వాడే బిగించాడు. పిట్టగోడ లోంచి బయటికి వచ్చిన దాని మూతిని అరచేత్తో మూసి, తెరిచి, పిల్లలకు చూపించి నవ్వాడు. అందులోంచి ఇంకా ఏమీ రాలేదు.

చైత్ర శుద్ధ పాడ్యమి

కూరడం అయిపోయింది. సున్నం ఇంకా మెత్తగా ఉంది.

ఉగాది. వేపపువ్వు దొరికింది, బెల్లం దొరకలేదు. అప్పాయమ్మ చేదుగానే పెట్టింది, తిన్నాను.

పట్నం నుంచి బళ్లు వస్తూనే ఉన్నాయి. ఒక్కో బండికి రెండేసి పీపాలు. తిరిగి వెళ్లే దారిలో ఎండకు ఎద్దులే సగం తాగేస్తున్నాయి. ట్యాంకు పౌర్ణమి దాకా వస్తుందని లెక్కవేశారు గాని, షట్టరు దించుతారని తెలిసిన రోజే జనం భయపడి ఉన్న గిన్నెలూ గంగాళాలూ అన్నీ నింపేసుకున్నారట. ఉన్నవాళ్ల ఇళ్లలో నీళ్లు ఉన్నాయి. లేనివాళ్లు పాడుబడ్డ నూతుల్లో తోడుకుంటున్నారు.

చైత్ర శుద్ధ చవితి

సున్నం పైపొర గట్టిపడింది. లోపల గుచ్చితే పుల్ల దిగుతోంది.

నాగసూరి వచ్చాడు. వాడి పెదవులు పగిలి నెత్తురు కట్టాయి.

“ట్యాంకు అడుగు కనపడిందక్కా. నూతి నీళ్లు తాగినోళ్లకి వాంతులు, విరేచనాలు. ఆసుపత్రిలో మంచాలు చాలక నేల మీద పడుకోబెట్టేరు. మా రాజ్యం కూడా అక్కడే ఉంది.”

రాజ్యం వాడి భార్య. నా చేతుల మీదుగా పెళ్లయిన పిల్ల.

“పై కాలవ నీళ్ల బళ్లు ముందు ఆసుపత్రికి పంపు,” అన్నాను.

“పంపుతున్నా. దారిలో ఆపి లాక్కుంటన్నారు. కొంచెం ఎత్తక్కా షట్టరు. మూరెడు. ఒక్క పూట.”

పుల్ల తెచ్చి సున్నంలో గుచ్చి చూపించాను. వాడు దాన్ని చూశాడు గాని, వాడి కళ్లు షట్టరు వెనక నిండుగా నిలబడ్డ నీళ్ల మీదికే పోతున్నాయి. రాజ్యానికి ఇవ్వమని నా కుండ వాడి బండిలో పెట్టాను. వాడు బండి తోలుకుని వెళ్లిపోయాడు. షట్టరు తాళంచెవి నా నడుముకే కట్టుకుని ఉన్నాను.

చైత్ర శుద్ధ అష్టమి

రెండు రోజులు రాయలేదు. మొన్న షష్ఠి నాడు జరిగింది ఇప్పుడు రాస్తున్నాను.

పొద్దు బారెడెక్కింది. నేను పడమటి చివర ఉన్నాను. షట్టరు గొలుసు చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు ఇరవయ్యేళ్లుగా రోజూ వింటున్నదే కాబట్టి ఒక్క క్షణం నాకు ఏమీ అనిపించలేదు. తరవాత తెలిసి పరిగెత్తాను.

తాళం పగలగొట్టారు. పట్నం వాళ్లు బళ్లతో, బిందెలతో గట్టు నిండా ఉన్నారు. చక్రం దగ్గర నాగసూరి ఉన్నాడు.

“మూరెడే అక్కా! మూరెడే ఎత్తేను! రాత్రి వార్డులో ముగ్గురు పిల్లలు పోయేరు!” అని ఏడుస్తున్నాడు.

“దించరా! దించు!”

ఇద్దరం కలిసి చక్రం తిప్పాం. వెనకనున్న నీళ్ల ఒత్తిడికి షట్టరు పక్కకి ఒరిగి గాడిలో ఇరుక్కుపోయింది. గొలుసు పళ్ల మీంచి జారింది. మూరెడు సందులోంచి నీళ్లు ఎండిన తొట్టిలోకి దూకి, నా కళ్లముందే నల్ల రాళ్లను తడుపుకుంటూ ఏడో ఖానా వైపు పోతున్నాయి. పిట్టగోడ వెంబడి నీళ్ల పక్కనే పరిగెత్తాను. అవే ముందు చేరాయి.

గోడ మీంచి కిందికి వంగి అరిచాను. ఎల్లాజీ, మరో ఇద్దరు స్తంభం గట్టు మీద చీలలు బిగిస్తున్నారు.

“ఎల్లాజీ! నీళ్లొదిలేరు! దూకెయ్యండి!”

మిగతా ఇద్దరూ దూకారు. ఎల్లాజీ తలెత్తి పైకి చూశాడు. దుంగ కిర్రుమంటోంది.

“బరువొస్తందక్కా! ఇంకొక్క చీల బిగిస్తే ఆగుద్ది!” అని సుత్తి ఎత్తాడు.

రెండు దెబ్బలు వినిపించాయి. తెల్లటి సున్నం పెరుగులా ధార కట్టింది. ఒక రాయి పడింది. ఆ వెనక ఇంకొకటి. తరవాత నా ముందున్న గోడ అక్కడ లేదు. పై కాలువ మొత్తం ఉప్పు కాలువలోకి విరుచుకు పడింది. ఒరిగిన షట్టరు ఆ ఊపుకు ఊడి కొట్టుకుపోయింది.

చాలాసేపు నీళ్లు పడుతూనే ఉన్నాయి. కొండల్లోంచి వచ్చిన మంచినీళ్లు. కాసేపటికి ఉప్పు కాలువ మట్టి రంగుకు తిరిగింది. ఎవరో ఒకరు చేతిలోకి తీసుకుని రుచి చూసి, తియ్యగా ఉన్నాయని అరిచారు. అంతే. పట్నం వాళ్లు గట్టు దిగారు, కింది వాళ్లు పడవలు తోశారు. అందరూ ఒకరి పక్కన ఒకరు మోకాళ్ల మీద కూర్చుని తాగారు, ముంచుకున్నారు. వాళ్లను నేను తప్పు పట్టలేను. నేను కూడా ఒక దోసెడు తాగాను.

అప్పాయమ్మ ఒక్కర్తే తాగలేదు. పడవ మీద నిలబడి, గెడతో రాళ్ల మధ్య నీళ్లను పొడుస్తూ వెతుకుతోంది. ఎవరో ఆవిడ చేతిలోంచి గెడ తీసుకోబోతే విదిలించుకుంది. పాటు తీసేసరికి ఎల్లాజీ శవం తొమ్మిదో స్తంభం దగ్గర కనిపించింది.

చైత్ర శుద్ధ ఏకాదశి

మట్టం లేదు. తరుగు మొత్తం.

పంపకం నుంచి వచ్చిన ఆఖరి మాట త్రినాథ్ గారు నాకు చదివి వినిపించారు. ఈ కాలువకు ఇకమీదట నీటి విడుదల ఉండదు. వాటాను మిగతా కాలువలకు సర్దడమైనది. కొత్తమెట్ట సంకేతం రద్దు.

“మనుషులున్నారని రాశాను. పేర్లు కూడా పంపాను,” అన్నారు. “తీసుకోలేదు.”

నడవగలిగినవాళ్లు పడమటి రోడ్డు పట్టారు. బళ్లు వరసగా పోతుంటే ధూళికి ఆకాశం కనపడలేదు. త్రినాథ్ గారు రోగుల బండి ఒకటి తోలుకుంటూ వెళ్లారు. నాకు చెప్పి వెళదామని ఆగి, చెయ్యెత్తి, మళ్లీ ఎద్దులను అదిలించారు. నడవలేనివాళ్లు, పసిపిల్లల తల్లులు, మోసేవాళ్లు దొరకని ముసలివాళ్లు గట్టు మీద మిగిలిపోయారు.

చైత్ర పౌర్ణమి

పై కాలువలో నీళ్లు లేవు. ఇది లస్కరు రాసే ఆఖరి రోజు.

కాలువ అడుగున గుంటల్లో మిగిలిన నీళ్లతో ఇన్నాళ్లు గడిచింది. అవి కూడా అడుగంటాయి. ఉప్పు కాలువలో చాలా దూరం ఎగువకు వెళితే ఒక కొండవాగు కలుస్తుందని, అక్కడ మంచినీళ్లు ఉంటాయని కింది వాళ్లు అంటారు. ఒకసారి వెళ్లారట, అక్కడివాళ్లు తరిమేశారట. మళ్లీ వెళతామని పున్నమి పోటు కోసం కాచుకున్నారు.

పొద్దున అప్పాయమ్మ గట్టు మీదికి వచ్చింది. మిగిలిపోయినవాళ్లను ఒక్కసారి కలయజూసింది.

“పడవలు బరువైతే నీళ్లలో మునిగిపోతాయి. సామాన్లొద్దు. మనుషులెక్కండి,” అంది.

కింది వాళ్లలో కొందరు గొణిగారు. ఆవిడ వినిపించుకోలేదు. మధ్యాహ్నానికి పడవలన్నీ నిండాయి. ఆవిడ పడవలోకే మా తమ్ముడు రాజ్యాన్ని చేతుల మీద మోసుకొచ్చాడు. ఆ పిల్ల బతికి ఉంది గాని కళ్లు తెరవటం లేదు. వాడు ఆమె తల ఒళ్లో పెట్టుకుని, తడిగుడ్డతో పెదవులు తుడుస్తూ కూర్చున్నాడు. వాడు చేసింది అక్కడ ఎవరికీ తెలియదు. ఆ రోజు షట్టరు దగ్గర కింది వాళ్లు ఎవరూ లేరు. ఊరివాళ్లు ఎత్తారని మాత్రమే తెలుసు.

నేను చూస్తూ ఉండలేకపోయాను. అప్పాయమ్మ ఒడ్డున టార్పాలిన్ మడత పెడుతుంటే దగ్గరికి వెళ్లాను.

“అత్తా, షట్టరెత్తింది మా నాగసూరి. నీ పడవలోనే ఉన్నాడు.”

ఆవిడ చేతులు ఆగాయి. పడవ వైపు తిరిగి వాణ్ని చూసింది. వాడు మావైపు చూడలేదు. గుడ్డ పిండుకుంటున్నాడు.

“ఎందుకు చెప్పేవే నాకిది?” అంది.

“నీకు తెలియకుండా నీ చేత వాణ్ని మోయించకూడదనిపించింది.”

“తెలీకపోతే, జబ్బు పెళ్లాన్ని ఒళ్లో పెట్టుకుని నీ తమ్ముడు నా పడవెక్కేడనుకుందును. గంజి పోసేదాన్ని. ఎండ తగలకుండా గుడ్డ కట్టేదాన్ని. ఇప్పుడయ్యన్నీ తెలిసి చెయ్యాలి.”

“దిగిపొమ్మంటే దిగిపోతాడు అత్తా. నేను చెప్తాను.”

“దిగి ఎక్కడికెళ్తాడు? ఆ పిల్లనెత్తుకుని?”

మడతపెట్టిన టార్పాలిన్‌ను నా చేతుల్లో పెట్టింది. అది బరువుగా, ఇంకా తడిగా ఉంది. ఆవిడ నీళ్లలోకి దిగి, నడుము లోతులో పడవ అంచు పట్టుకుని, పోటు ఎంతవరకు వచ్చిందో చూసింది.

“అది తీసుకెళ్లి ఆ పిల్ల మీద నీడకి కట్టు,” అంది నావైపు చూడకుండా. “నేను కట్టలేను. తరవాత తాళ్లు విప్పు. నీళ్లు ఎగువకి తిరుగుతున్నాయి.”

నేను రాజ్యం మీద టార్పాలిన్ కట్టి, తాళ్లు విప్పాను.